గుర్తులు పెట్టని పట్టీ

మార్చి 11, మంగళవారం

రామాంజినమ్మ నడిచింది.

ముందు కమ్మీలు పట్టుకుని నాలుగడుగులు. తర్వాత వదిలేసి గోడ దాకా. గోడను ఒకసారి అరచేత్తో తట్టి, వెనక్కి తిరిగి మా దగ్గరికి. అందరూ చప్పట్లు కొట్టారు. జయచంద్ర సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నాలుగేళ్లుగా ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాను, ఆయన్ని అలా చూడటం ఇదే మొదలు.

ఆమెది ముదిగుబ్బ దగ్గర పల్లె. నలభై ఆరేళ్లు. రెండేళ్ల కిందట శనక్కాయలు పెరకడానికి కూలీలతో పోతున్న ట్రాక్టరు బోల్తాపడి, ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. మిగిలిన మొండికీ, అది దిగే కృత్రిమ కాలి గిన్నెకూ మధ్య వేసుకునే సిలికాన్ తొడుగు మా కాలేజీ ల్యాబ్‌లో పోసింది. బయట దొరికేవి ఆరు మిల్లీమీటర్ల మందం. మన ఎండలకు లోపలంతా చెమటై, విసుగొచ్చి జనం మూలన పడేస్తున్నారు. మాది నాలుగు మిల్లీమీటర్లే. ఈ రబ్బరు మెత్తదనానికి అంత పలచన చాలు, ఎముక మీద ఒత్తిడి పడదని లెక్క చెప్పింది. లెక్కకు అంకెలు ఇచ్చింది నేను.

“దీంట్లో నువ్వేం జేసినావు పాపా?” అని నన్ను అడిగింది, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

“ఈ రబ్బరు ఎంత మెత్తగుండాదో లాగి చూసినానక్కా. పట్టీలు కోసి మిషన్లో పెట్టి లాగితే, ఎంత బలానికి ఎంత సాగేది తెలుస్తాది.”

“లాగేదానికి గూడా ఇంత చదువు గావాల్నా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సంతోషంగా ఉండాల్సిన రోజు. సంతోషంగానే ఉన్నాను.

మార్చి 12

గుర్తులు పెట్టే కొలిచాం.

ఇది ఇప్పుడెందుకు రాశానో తెలియదు. రాశాను కాబట్టి ఉండనీ.

మార్చి 15, శనివారం

రివ్యూ మీటింగు. ఏప్రిల్ పదహారున కుందుర్పిలో క్యాంపు ఖాయమైంది. నలభై మందికి తొడుగులు, అన్నీ రామాంజినమ్మకు వేసిన మందంతోనే, అవే అంకెలతో. సార్ ముఖం వెలిగిపోతోంది. మా పరిశోధన పేపరును జర్నల్ వాళ్లు కూడా ఒప్పుకున్నారు, అచ్చుకు పోవడమే తరువాయి. అందులో ముందు పేరు నాది.

బెంగళూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు చివర్లో అడిగారు: “మెత్తటి రబ్బరు కదా, లాగుతుంటే పలచబడి, కొసలు పట్టుకునే మిషన్ గ్రిప్పుల్లోంచి కొంచెం కొంచెంగా జారిపోతుంది. జారిందాన్ని కూడా మిషన్ సాగిందనే లెక్కేస్తుంది. ఉన్నదానికంటే మెత్తగా కనిపిస్తుంది. అది చూసుకున్నారా?”

నేను నోరు తెరిచేలోపే సార్ చెప్పేశారు. “మా ఎస్తేరు మిషన్ మాట నమ్మలేదండీ. పట్టీ నడుమ రెండు గుర్తులు పెట్టి, వాటి మధ్య దూరం ఎంత పెరిగిందో అదే తీసుకుంది. ఏమ్మా?”

తలూపాను.

ఐదు పట్టీలు లాగాం. ఐదింటికీ పెట్టకపోయినా ఒకదానికి పెట్టాం కదా. పైగా లెక్కకు తీసుకున్న మూడు పట్టీల గ్రాఫు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, మధ్యలో వెంట్రుక కూడా పట్టదు. తప్పయితే మూడూ ఒకే తప్పు ఎలా చేస్తాయి?

మార్చి 18

కుళ్లాయప్పన్న మా ల్యాబ్ టెక్నీషియన్. ఆ మిషన్‌తో ఇరవై ఆరేళ్లుగా ఉన్నాడు. మాట తక్కువ. ఈరోజు మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“మేడమ్, నవంబర్లో లాగిన పట్టీలు పారేయమంటిరి గదా. పారేయలేదు. డబ్బాలో ఏసి పెట్టినా. కొసలు ఒకసారి చూస్తారా?”

“ఏంటికన్నా?”

“నున్నగైనాయి. గ్రిప్పుల కాడ రాసుకుని.”

“తర్వాత చూద్దాంలే అన్నా. చేతిలో పనుంది.”

పనేమీ లేదు. ఆయన పోయాక కిటికీ దగ్గర నిలబడి, కింద పార్కింగులో బైకులు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.

మార్చి 21

రామాంజినమ్మకు ఫోన్ చేశాను. “బాగుండాది పాపా. గొర్రెల ఎనక గుట్ట దాకా పోతాండా.”

“మొండి మీద ఎరుపు గానీ నొప్పి గానీ ఉండాదా?”

“ల్యా ల్యా.”

మార్చి 24

మళ్లీ చేశాను. “ఏమీ ల్యా. కొత్తల్లుని మాదిరి రోజూ ఫోన్ జేస్తాండావే!” అని పగలబడి నవ్వింది.

ఏమీ లేదట. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ లేదంది. ఇక అడగక్కర్లేదు.

మార్చి 27, గురువారం

ఉదయం నిద్రలేచి, ఎవరికీ చెప్పకుండా ముదిగుబ్బ బస్సెక్కాను. నాకు ఒంట్లో బాగాలేదని సార్‌కు మెసేజ్ పెట్టాను.

బస్టాండు నుంచి ఆటో. పది కాకముందే రోడ్డు మీద తారు మెరుస్తోంది. వాళ్ల ఇంటి పక్కన కంప వేసిన దొడ్డి, అందులో రెండు ఈనిన గొర్రెలు, పిల్లలు. మిగతా మందను భర్త ఎర్రప్ప తోలుకుపోయాడట. రామాంజినమ్మ వాకిట్లో మంచం మీద ఉంది. కాలు తీసి గోడకు ఆనించి ఉంది. మొండికి పాత చీరపేలిక చుట్టుకుంది. నన్ను చూసి గబుక్కున దుప్పటి లాక్కుంది.

“ఇప్పుడే ఇప్పినా పాపా, ఉక్కబోస్తే.”

“పేలిక తీయక్కా, చూస్తా.”

“ఏముండాది చూసేదానికి? సంగటి తిందువురా.”

నేనే దుప్పటి తీశాను. పేలిక విప్పేటప్పుడు ఆమె తల పక్కకు తిప్పుకుంది. ఎముక కొస మీద, సరిగ్గా ముందువైపు, రూపాయి బిళ్లంత పుండు. తోలు లేచిపోయి లోపల తడిగా, అంచులు తెల్లగా. పైన పసుపు అద్దింది.

“ఎన్ని దినాలైంది?”

“ఎన్మిది.”

ఎనిమిది రోజులంటే నేను మొదటిసారి ఫోన్ చేసే నాటికే ఉంది.

“ఏమీ లేదంటివి కదక్కా, నేను అడిగినప్పుడు.”

“చెప్తే ఏం జేస్తారు? కాలు ఎత్తుకపోతారు.” మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగింది. “రెండేండ్లు ఈ గడప కాడ్నే కూసున్నా పాపా. జీవాలు యాడ మేసినాయో, ఏది కుంటుతాండాదో మొగుడొచ్చి చెప్తే ఇనాల. పక్కింటామె నీళ్లు పట్టిస్తే తాగాల. ఇప్పుడు నేనే పోతాండా, నేనే వస్తాండా. ఈ మాత్రం పుండుకు చస్తానా? సార్‌కు చెప్పొద్దు. నా మింద ఒట్టెయ్యి.”

నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది.

“చెప్పను” అన్నాను.

ఎంత తొందరగా అన్నానో బస్సులో కూర్చున్నాక తెలిసింది. ఆమె బతిమాలిందని కాదు. నాకు కావాల్సిందే ఆమె అడిగింది.

నాలుగు రోజులు కాలు వేసుకోవద్దని, ఆస్పత్రికి పోయి కట్టు కట్టించుకోమని మాత్రం చెప్పి వచ్చాను. “ఊఁ” అంది.

మార్చి 28

చెప్పలేదు. ఆమే వద్దంది కదా.

మార్చి 29

కొత్తగా కాలు వేసుకున్నవాళ్లకు మొదట్లో పుళ్లు మామూలే. పుస్తకాల్లో ఉంది. ఎండ నలభై దాటింది, చెమట. తొడుగు రోజూ సబ్బుతో కడగాలి. ఆమె కడిగి ఉండదు.

కడిగింది. వాకిట్లో తీగ మీద ఆరేసి ఉంది. నేను చూశాను.

ఏప్రిల్ 1

డబ్బా తెరిచాను. పట్టీల కొసలు నున్నగా, మెరుస్తూ ఉన్నాయి, అరిగిన సబ్బుబిళ్ల మాదిరి.

నవంబరు సంగతి ఇక్కడ రాస్తాను. ఇంకెక్కడా రాయలేదు.

గుర్తులను చూసి దూరం కొలిచే కెమెరా రిపేరుకు పోయింది. పెన్నుతో గుర్తులు పెడదామంటే సిలికాన్ మీద ఏ సిరా నిలవదు. ఒక పట్టీకి పెట్టాను. వేలితో తాకితే వేలికి అంటుకొచ్చింది. ఆ పట్టీని లాగనే లేదు. సోమవారానికి అంకెలు కావాలని సార్ ఫోన్ చేశారు. “గుర్తులు పెట్టావు కదమ్మా?” అన్నారు. “పెట్టాను సార్” అన్నాను. ఒకదానికి పెట్టాను కదా, అబద్ధం కాదనుకున్నాను. తర్వాత ఐదు పట్టీలు లాగాను. రెండు గ్రిప్పుల్లోంచి పూర్తిగా ఊడి వచ్చేశాయి. వాటి ఫైళ్లు తీసేశాను. మూడు ఊడలేదు. ఊడకుండా నెమ్మదిగా జారాయి. అదే మిషన్, అదే బిగింపు, అదే రబ్బరు. మూడూ ఒకేలా జారాయి. అందుకే గీతలు కలిశాయి.

ఇది నాకు ఈరోజు తెలియలేదు. నవంబరులో ఊడిన రెండు పట్టీలను చేతిలో పట్టుకున్నప్పుడే తెలుసు. తెలుసు అని ఇప్పుడు రాస్తున్నాను.

ఏప్రిల్ 3, గురువారం

కుళ్లాయప్పన్నను అడిగాను. “అన్నా, దీని మీద గుర్తు నిలబడాలంటే ఎట్ల?”

ఎందుకని అడగలేదు. కాసేపు పట్టీని వేళ్ల మధ్య నలిపాడు. “సిలికాన్‌కు సిలికానే అంటుకుంటాది మేడమ్. ఇంకేదీ అంటదు.”

పోయగా మిగిలిన ద్రవంలో చిటికెడు బొగ్గుపొడి కలిపాడు. అగ్గిపుల్ల కొసతో పట్టీ నడుమ రెండు చుక్కలు పెట్టాడు, ఇరవై మిల్లీమీటర్ల దూరంలో. ఓవెన్లో పెట్టి తీస్తే చుక్కలు పట్టీలో భాగమైపోయాయి, గోటితో గీకినా రావు. పక్కన స్టీలు స్కేలు నిలబెట్టి, నా ఫోన్‌తో వీడియో తీస్తూ, నవంబరులో బిగించినంతే బిగించి లాగాం.

గ్రిప్పుల మధ్య అరవై మిల్లీమీటర్ల పట్టీ. మిషన్ నూట ఇరవై దాకా లాగి, రెండింతలైందని చెప్పింది. చుక్కల మధ్య ఇరవై నలభై కావాలి కదా. ముప్పై నాలుగే అయింది.

అంటే పట్టీ నిజంగా సాగింది నలభై రెండు. మిగతా పద్దెనిమిది మిల్లీమీటర్లు జారుడు. పైన తొమ్మిది, కింద తొమ్మిది.

మూడుసార్లు లాగాం. ఈసారి లాగినవి మూడే, తీసేసినవి లేవు.

కొత్త గీత నుంచి రబ్బరు గట్టిదనం చెప్పే స్థిరాంకాలు కట్టాను. రబ్బరు నేను చెప్పినదానికంటే దాదాపు మూడోవంతు గట్టిది. ఆ అంకెలను తొడుగు లెక్కలో పెట్టి నడిపితే, కంప్యూటర్లో మొండి బొమ్మ అంతా పచ్చగా ఉండి ఒక్కచోట ఎర్రబడింది. ఎముక కొస మీద, ముందువైపు. ఆ చోటు నేను ముదిగుబ్బలో చూసి వచ్చాను.

“నవంబర్లోనే చెప్పాలనుకున్నా మేడమ్” అని కుళ్లాయప్పన్న అనవచ్చు. అనలేదు. మిషన్ ఆపి, గుడ్డ కప్పి, టీకి పోయాడు. అని ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 4

రోజంతా తప్పు చిన్నది కావడానికి దారులు వెతికాను. బొగ్గుపొడి వల్ల చుక్క దగ్గర గట్టిపడిందేమో. ఫోన్ వంకరగా ఉందేమో. ఈ పట్టీలు కోసిన షీటు వేరే రోజు పోసిందేమో. ఒక్కొక్కటీ సరిచూశాను. ఏదీ నన్ను కాపాడలేదు.

క్యాంపుకు పన్నెండు రోజులు. మా వర్క్‌షాపులో తొడుగులు పోసే ప్రవీణ్ ఆపకుండా పోస్తూనే ఉన్నాడు. పందొమ్మిది అయ్యాయట. నాకు ఫోటో పంపాడు, వరసగా నిలబెట్టి.

ఏప్రిల్ 5, శనివారం

పన్నెండింటికి రామాంజినమ్మకు ఫోన్ చేస్తే ఎర్రప్ప ఎత్తాడు.

“నిన్నట్నుంచి జ్వరమమ్మా. ఒళ్లు కాలిపోతాండాది. కాలు ఇప్పమంటే ఇప్పదు. నీళ్ల బిందెకు గూడా దాంతోనే లేస్తాండాది. ఏమన్నా అంటే తిడ్తాది.”

“నాలుగు దినాలు వేసుకోవద్దని చెప్పినా కదన్నా!”

“ఒక్క దినం గూడా ఆపలేదు.”

ఫోన్ పెట్టేసి నేరుగా సార్ ఇంటికి పోయాను. ఆయన ముందు గదిలో పేపర్లు దిద్దుతున్నారు. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

“సార్, గుర్తులు పెట్టలేదు.”

“ఏ గుర్తులు?”

“పట్టీల మీద. నవంబరులో. పెట్టానని మీకు చెప్పాను. పెట్టలేదు. జారాయి. మొన్న మళ్లీ చేశాను, అంకెలు తప్పు. రామాంజినమ్మకు పుండు పడింది. జ్వరమొచ్చింది.”

అంతా ఒక్క ఊపిరిలో వచ్చేసింది. ఆయన ఎర్ర పెన్నుకు మూత పెట్టారు. అంకెల గురించి అడుగుతారనుకున్నాను.

“జ్వరం ఎప్పటి నుంచి?”

“నిన్నటి నుంచి.”

“పుండు నువ్వు ఎప్పుడు చూశావు?”

“ఇరవై ఏడున.”

“తొమ్మిది రోజులు” అన్నారు. లేచి లోపలికి వెళ్లిపోయారు. ఇక రారు, నేను పోవాలేమో అనుకుంటూ నిలబడ్డాను. కారు తాళాలతో వచ్చారు.

“పద.”

దారిలో బత్తలపల్లి వచ్చింది. దాటాక రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా అన్నారు: “లెక్క తప్పు రావడం వేరు, ఎస్తేరు. దానికి నీ పక్కన ఎన్ని రోజులైనా కూర్చునేవాణ్ణి. మీటింగులో బెంగళూరాయన అడిగినప్పుడు నేను చూసి చెప్పలేదు. నువ్వు చెప్పావని చెప్పాను.”

ముదిగుబ్బ దాకా కారు ఆపలేదు. 

రామాంజినమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా. కాలు తొడుక్కునే ఉంది. కారు దిగిన సార్‌ను చూసింది, తర్వాత నన్ను.

“చెప్పొద్దంటే చెప్పినావు గదా.”

నేను ఆమె ముందు కింద కూర్చున్నాను. “అక్కా, తప్పు నీది గాదు. నువ్వు కడగలేదని గాదు, ఎక్కువ నడిచినావని గాదు. నేను కొలిచింది తప్పు. ఈ రబ్బరు శానా మెత్తగుండాదని చెప్పినా. అంత మెత్తగ లేదు. సరిగా చూడకుండానే చూసినానని చెప్పినా.”

“తెల్వక చెప్పినావా, తెలిసి చెప్పినావా?”

ఎర్రప్ప నా వైపు చూశాడు. సార్ చూడలేదు.

“తెలిసే.”

దొడ్డిలో గొర్రెపిల్ల అరుస్తూనే ఉంది. రామాంజినమ్మ తల తిప్పి దాన్ని చూసింది. తర్వాత, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది:

“నేను పుండు దాపెట్టింది నా కాలు కోసరం. నువ్వు దాపెట్టింది ఏంటికి?”

థీసిస్ కోసం అని రాయొచ్చు. మా బెళుగుప్పలో ఇంటిపేరుతో కాకుండా కూలోళ్ల పిల్లగా తెలిసిన నేను, డాక్టర్ ఎస్తేరు కావాలని రాయొచ్చు. రెండూ నిజమే. ఆమె కాలి ముందు పెడితే రెండూ నిలబడవు.

ఆమే వంగి కాలు విప్పింది. తొడుగును మొండి మీది నుంచి ఒలిచేటప్పుడు పళ్లు బిగబట్టింది, అరవలేదు. నా ఒళ్లో పడేసింది.

“పట్టుకపో.”

ఏప్రిల్ 6

అనంతపురం ఆస్పత్రిలో చేర్చాం. సుష్మ డాక్టరు పుండు శుభ్రం చేసి, బయటికొచ్చి చెప్పింది: చీము లోపలికి దిగింది గానీ ఎముకకు పట్టలేదు. ఇంకో పది రోజులు అలాగే నడిచి ఉంటే మోకాలి పైన తీయాల్సి వచ్చేది.

ఇంకో పది రోజులంటే క్యాంపు రోజు.

ఏప్రిల్ 7

సార్ పేపరు వెనక్కి తీసుకున్నారు. ప్రవీణ్‌తో తొడుగులు పోయడం ఆపించారు. నన్ను పిలిచి నలభై పేర్ల కాగితం ఇచ్చారు.

“నువ్వే ఫోన్ చెయ్యి. వాయిదా పడిందని చెప్పొద్దు. ఎందుకో చెప్పు.”

ఏప్రిల్ 8

ముప్పై ఏడు మంది ఎత్తారు. ఒక్కరూ తిట్టలేదు. తప్పు కొలిచానని చెబితే సగం మందికి అర్థం కాలేదు. అందరూ ఒకటే అడిగారు: “అయితే ఇంకెప్పుడమ్మా?”

కుందుర్పి దగ్గర మౌనిక అనే ఆమె ఎత్తింది, లిస్టులో ఉన్నది ఆమె తండ్రి పేరు. మొత్తం విని అంది: “మా నాయన నిన్ననే చెప్పులు కొనుక్కొచ్చినాడక్కా. జత. ఐదేండ్ల తర్వాత రెండు కాళ్లకూ. ఎట్ల చెప్పాల నేను?”

ఏప్రిల్ 9

అమ్మ ఫోన్ చేసింది. ఈస్టరు ముందు శ్రమదినాల ఉపవాసంలో ఉంది, గొంతు నీరసంగా ఉంది. నా గొంతే బాగాలేదంది. మొత్తం చెప్పాను. “ఆయమ్మకు తిండి ఎవురు తెస్తాండారు ఆస్పత్రికి?” అని అడిగింది. అంతే.

రేపటి నుంచి నేను తీసుకుపోతాను. 

ఏప్రిల్ 10

తీసుకుపోయాను. క్యారియర్ ఎర్రప్ప అందుకున్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

ఏప్రిల్ 13

గోడవైపే.

ఏప్రిల్ 16

ఈరోజు కుందుర్పి క్యాంపు జరగాల్సింది.

ఏప్రిల్ 17

డిశ్చార్జి అయింది. చంకకర్రలతో పోయింది. వాన్ ఎక్కేటప్పుడు నేను చెయ్యి అందిస్తే పట్టుకోలేదు, ఎర్రప్ప భుజం పట్టుకుంది. క్యారియర్ గిన్నెలు కడిగి ఇచ్చింది.

మే 6

మొదటి నుంచి మొదలుపెట్టాను. నా పీహెచ్‌డీకి ఇంకో ఏడాది పడుతుంది.

సార్ ప్రతి పట్టీ దగ్గరికీ స్వయంగా వచ్చి చూస్తున్నారు. చుక్కలు చూస్తారు, బిగింపు చూస్తారు, అప్పుడు లాగమంటారు. నాకు కోపం రావట్లేదు.

వస్తుంది. వచ్చి పోతుంది.

మే 20, మంగళవారం

ఒకవైపు లాగి చూస్తే చాలదని ఇప్పుడు తెలుస్తోంది. మొండి మీద ఎక్కించినప్పుడు తొడుగు పొడవుకూ చుట్టుకొలతకూ ఒకేసారి సాగుతుంది. ఒకవైపు లాగిన గీతకు చక్కగా కుదిరే స్థిరాంకాలు, రెండు వైపులా సాగేటప్పుడు తప్పిపోతున్నాయి. కుళ్లాయప్పన్న పాత పంపు పైపు మూతి తెచ్చి, దాని మీద రబ్బరు షీటు డప్పులా బిగించి, కింద సైకిలు పంపు పెట్టాడు. గాలి కొడితే షీటు నడుమ బుడగలా లేస్తుంది. దాని మీది చుక్కలు అన్ని వైపులకూ దూరమవుతాయి. గాలి ఒత్తిడి ఎంత, బుడగ ఎత్తు ఎంత, చుక్కల దూరం ఎంత, మూడూ రాసుకుంటాం.

మొదటి బుడగ పగిలి ఇద్దరి ముఖాల మీదా కొట్టింది. రెండు నెలల తర్వాత నవ్వాను. కుళ్లాయప్పన్న కూడా నవ్వాడు, చెంప రుద్దుకుంటూ. నవ్వుతూనే అడిగాను.

“నవంబర్లో నన్ను గట్టిగా ఏంటికి ఆపలేదన్నా?”

“ఆపితే ఇనేవారా మేడమ్?”

లేదు.

జూన్ 4

కొత్త షీటు మొదటి లాగుడుకు గట్టిగా ఉండి, నాలుగైదు సార్లకు మెత్తబడుతోంది. మనిషి నడిచేది మొదటి అడుగు కాదు, వేల అడుగులు. ఇక నుంచి ముందు ఐదుసార్లు లాగి వదిలాకే కొలత.

ఎన్ని చూడకుండా నలభై మందికి తొడగబోయాను.

జూన్ 19

ఫోన్ మోగింది. ఆమె పేరు.

“ఏం పాపా, ఫోన్ జేసేది నిలిపేస్తివే?”

పుండు మానిందా అని అడిగాను.

“మానింది. మచ్చ పడింది. యింగ ఆ రబ్బరు జేస్తాండారా, వదిలేస్తిరా?”

“చేస్తాండామక్కా. ఇంకా కొలుస్తాండా.”

“ఎన్ని దినాలు కొలుస్తావు?” అంది. “అయినంక చెప్పు. తొడిగే ముందర ఆ మిషను నేను చూడాల.”

జులై 22, మంగళవారం

ఎర్రప్ప తీసుకొచ్చాడు. చంకకర్రల మీద మూడంతస్తుల మెట్లెక్కి వచ్చింది, లిఫ్టు పని చేయక. సార్ తన కుర్చీ ఇచ్చారు. కూర్చుని ఆయాసం తీర్చుకుని, మిషన్‌ను కింద నుంచి పై దాకా చూసింది.

“ఇదేనా? లాగు చూద్దాం.”

కుళ్లాయప్పన్న పట్టీ బిగించాడు. చుక్కలు దూరమయ్యాయి. ఆమె మిషన్‌ను చూడలేదు, గ్రిప్పులనే చూస్తోంది.

“ఇప్పుడు జారలేదా?”

“లేదక్కా. గరుకు కాగితం పెట్టి బిగించినాం. అయినా జారిందో లేదో చుక్కలు చెప్తాయి.”

“అప్పుడు ఎంత జారింది?”

స్టీలు స్కేలు తీసి సున్నా నుంచి పద్దెనిమిది దాకా చూపించాను. ఆమె స్కేలు మీద బొటనవేలు, చూపుడువేలు ఆనించి ఆ ఎడం పట్టుకుంది. అలాగే పట్టుకుని, చెయ్యి కదలకుండా, చీర పక్కకు తీసి మొండి మీది మచ్చకు ఆనించింది. మచ్చ రెండు వేళ్లకూ అవతలికి వచ్చింది.

“నాదే ఎక్కువుండాది” అంది.

నేను స్కేలు పక్కన పెట్టాను.

కొత్త తొడుగు బల్ల మీద ఉంది. రబ్బరు కలిపే పాళ్లు మార్చాం, ఎముక కొస దగ్గర మందం ఏడు మిల్లీమీటర్లు చేశాం. తీసుకుని ఆమె ముందు కూర్చున్నాను. తొడిగే ముందు చెప్పాలనుకున్నవి కాగితం మీద రాసుకున్నాను. కాగితం తీయకుండానే చెప్పాను.

“ఒకవైపు లాగి చూసినాం, ఊది చూసినాం, మూడు వేలసార్లు లాగి వదిలి చూసినాం. అన్నీ సార్ దగ్గరుండి చూసినాడు. మన ఎండలో ఆర్నెల్లు వాడితే ఎట్లుంటాదో మాకు ఇంకా తెల్దక్కా. ఈ వారం రోజుకు గంటే వేసుకోవాల. తీసినప్పుడల్లా మచ్చ మింద చూసుకోవాల. ఎర్రబడితే నాకు చెప్పాల. కాలు ఎత్తుకపోను. తొడుగు మారుస్తా.”

“తెల్దని ఇప్పుడు చెప్తాండావా?”

“ఇప్పుడు చెప్తాండా.”

నా ముఖం కాసేపు చూసింది. కాలు ముందుకు చాపింది.

“తొడుగు.”

తొడిగాను. గిన్నె బిగించాను. లేచి నిలబడి నాలుగడుగులు వేసింది. కూర్చోబెట్టి తీసి చూశాను. ఏమీ లేదు. మళ్లీ తొడిగాను. వరండా దాకా పోయింది. పిలిచి, కూర్చోబెట్టి, తీసి, టార్చి వేసి చూశాను. ఏమీ లేదు. మళ్లీ తొడిగాను. మెట్ల దగ్గరికి పోబోతుంటే వెనక నుంచి కొంగు పట్టుకున్నాను.

“ఏం పాపా,” అంది వెనక్కి తిరిగి, “నన్ను నడవనిస్తావా, ల్యాదా?”